సీసానికి చేతిరాత నేర్పిన రోజే ఎక్స్‌కోఫోన్

మన సంఘ సభ్యుల్లో ఎక్కువమంది అక్షరాల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపినవారు. కొందరు కేసు ముందు నిలబడి స్టిక్కులో టైపు పేర్చారు. కొందరు ప్రూఫులు దిద్దారు. కొందరు ట్రెడిల్ దగ్గర, కొందరు పెద్ద మెషిన్ల దగ్గర పనిచేశారు. మన చేతుల మీదుగా ఎన్ని లక్షల అక్షరాలు వెళ్లాయో లెక్క లేదు. ఆ అక్షరాలకు ఆ రూపం ఇచ్చిన మనుషుల పేర్లు మాత్రం మన దాకా రాలేదు. పుస్తకం మీద రచయిత పేరు ఉంటుంది, ముద్రించిన ప్రెస్సు పేరు ఉంటుంది. అక్షరాన్ని గీసినవాడి పేరు ఎక్కడా ఉండదు. అలాంటి ఒకరి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచికలో మన సభ్యులకు పరిచయం చేయాలని ఈ ప్రయత్నం.

కంప్యూటర్ మీద ఉత్తరం రాసే మనవడినో మనవరాలినో అడిగి, ఇంగ్లీషు అక్షరాల జాబితా ఒకసారి తెరిపించండి. అందులో మిస్ట్రాల్ అనే పేరు కనిపించే అవకాశం ఎక్కువ. ఆ అక్షరాలతో ఏ మాట కొట్టినా, ఎవరో కుంచె సిరాలో ముంచి గబగబా రాసినట్టు వస్తుంది. అక్షరాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటాయి. ఇది కంప్యూటర్ కోసం పుట్టిన అక్షరం కాదని చెబితే కొత్తవాళ్లు నమ్మరు. 1953లో, అచ్చంగా మన చేతుల్లో నలిగినటువంటి సీసపు టైపుగానే ఇది పుట్టింది. దీన్ని గీసినవారు ఫ్రాన్స్ దేశస్థులు రోజే ఎక్స్‌కోఫోన్.

న్యాయశాస్త్రం నుంచి కుంచె దాకా

ఎక్స్‌కోఫోన్ 1910లో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ నగరంలో జన్మించారు. మార్సెయ్ పెద్ద రేవు పట్టణం. మధ్యధరా సముద్రం మీద వచ్చే ఓడలు, సరుకు పెట్టెల మీద రకరకాల రాతలు, దుకాణాల బోర్డులు, గోడల మీద పోస్టర్లు అక్కడి వీధుల్లో నిత్యం కనిపించేవి. ఆ ఊరికి ఇంకొక గుర్తు కూడా ఉంది. ఉత్తరాన రోన్ నది లోయ వెంట దిగివచ్చే చల్లని ఉద్ధృతమైన గాలి ఆ ప్రాంతాన్నంతా ఊపేస్తుంది. ఆ గాలి పేరు మిస్ట్రాల్. అక్కడ పుట్టినవారెవరూ దాన్ని మరచిపోలేరు.

చదువుకునే వయసు వచ్చాక ఆయన దగ్గరలోని ఎక్స్ నగర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో చేరారు. మన ఇళ్లలో లాగానే అక్కడ కూడా ప్లీడరు చదువంటే స్థిరమైన బతుకుకు దారి. కాని ఆయన మనసు సెక్షన్ల మీద నిలవలేదు. లా చదువు పక్కన పెట్టి, బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి ప్యారిస్ వెళ్లారు. చిత్రకారుడు కావాలన్నది ఆయన కోరిక. ఆ రోజుల్లో ప్యారిస్‌లో చిత్రకారులకు కొదవ లేదు, చిత్రకళతో ఇల్లు గడుపుకోగలిగినవారు మాత్రం తక్కువ. బొమ్మల నుంచి ప్రకటనల వైపు, ప్రకటనల నుంచి అక్షరాల వైపు ఆయన నడక సాగింది. ఒక విధంగా చూస్తే ఆయన చిత్రకళను వదల్లేదు. కాన్వాసు మీద ఆడాల్సిన కుంచెను అక్షరం మీద ఆడించారు, అంతే.

ఒలీవ్ ఫౌండ్రీలో

మార్సెయ్‌లో ఫాండరీ ఒలీవ్ అనే టైపు ఫౌండ్రీ ఉండేది. దాని యజమాని మార్సెల్ ఒలీవ్ ఎక్స్‌కోఫోన్‌కు దగ్గర బంధువు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటికి ఆ ఫౌండ్రీ ఫ్రాన్స్‌లో పెద్ద సంస్థ ఏమీ కాదు. ప్యారిస్‌లో డెబెర్నీ ఎ పెన్యో అనే సంస్థ రాజ్యం ఏలుతూ ఉండేది. పోస్టర్లతో పేరుపొందిన కసాంద్ర్ వంటి కళాకారుడి చేత అక్షరాలు గీయించుకున్న ఘనత ఆ సంస్థది. దానితో పోటీ పడాలంటే పాత టైపులనే మళ్లీ పోత పోసి అమ్మితే సరిపోదు. కొత్త రూపాలు కావాలి.

ఆ బాధ్యత ఎక్స్‌కోఫోన్ భుజం మీద పడింది. మొదట షాంబోర్ అనే టైపు తెచ్చారు. అది నెమ్మదైన, మర్యాదైన అక్షరం. 1947లో ప్యారిస్‌లో సొంతంగా ప్రకటనల సంస్థ పెట్టుకుని, అదే సమయంలో ఒలీవ్ ఫౌండ్రీకి అక్షర రూపకల్పన బాధ్యతలు కూడా చేపట్టారు. ఈ రెండు ఉద్యోగాలు ఒకే మనిషి చేయడం వల్ల ఒక మేలు జరిగింది. ఫౌండ్రీలో కూర్చున్నవారికి టైపు ఎలా పోత పోయాలో తెలుస్తుంది. ప్రకటనల ఆఫీసులో కూర్చున్నవారికి దుకాణదారుడు ఏం అడుగుతున్నాడో తెలుస్తుంది. ఆయనకు రెండూ తెలిశాయి.

యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో కొత్త దుకాణాలు, కొత్త వస్తువులు, కొత్త హోటళ్లు వచ్చాయి. ప్రతివారికీ ఒక బోర్డు కావాలి, ఒక కరపత్రం కావాలి, ఒక లెటర్‌హెడ్ కావాలి. పుస్తకాలకు పనికొచ్చే బుద్ధిమంతమైన అక్షరాలు వాళ్లకు చప్పగా అనిపించాయి. వాళ్లకు కావలసింది దారిన పోయేవాడిని ఆపగలిగే అక్షరం. 1951లో ఎక్స్‌కోఫోన్ బాంకో అనే టైపు తెచ్చారు. లావుపాటి పట్టీలను కత్తిరించి నిలబెట్టినట్టు ఉండే పెద్దక్షరాలు అవి. అందులో చిన్నక్షరాలు లేనే లేవు. అచ్చంగా బోర్డు కోసం పుట్టిన టైపు. అది బాగా పట్టుబడింది. ఆ తర్వాత రెండేళ్లకు అసలు కథ మొదలైంది.

కుంచె రాత ఎందుకు కష్టం

కుంచెతో రాసినట్టు ఉండే టైపు ఆలోచన ఎక్స్‌కోఫోన్‌తో పుట్టలేదు. అమెరికాలో 1942లోనే అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థ కోసం రాబర్ట్ ఈ. స్మిత్ బ్రష్ స్క్రిప్ట్ అనే టైపును గీశారు. అది కూడా ఈనాటికీ కంప్యూటర్లలో కనిపిస్తుంది. అయినా కుంచె రాతను సీసంలోకి తేవడం అందరికీ తలనొప్పే. ఆ కష్టం ఏమిటో మన కంపోజిటర్ మిత్రులకు వేరే చెప్పనక్కర లేదు. ఇతర శాఖల్లో పనిచేసిన సభ్యుల కోసం రెండు మాటలు.

సీసం, ఆంటిమొని, తగరం కలిపి పోసిన టైపు ముక్క ఒక నలుచదరపు దిమ్మ. అక్షరం దాని తల మీద ఉబ్బెత్తుగా ఉంటుంది. ముక్కను ముక్క పక్కన పేరిస్తే మాట అవుతుంది. విడివిడిగా నిలబడే అక్షరాలకు ఇది బాగానే ఉంటుంది. చేతిరాతలో అలా కాదు. చేయి ఎత్తకుండా రాస్తాం కాబట్టి ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం తలలోకి పోతుంది. దీన్ని టైపులో తేవాలంటే ఒక దిమ్మ కుడి అంచు దగ్గర గీత ఎక్కడ ఆగిందో, పక్క దిమ్మ ఎడమ అంచు దగ్గర గీత సరిగ్గా అక్కడే మొదలు కావాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో చిన్నక్షరాలు 26. ఏ అక్షరం పక్కన ఏ అక్షరమైనా రావచ్చు. అంటే 676 జంటలు. ప్రతి జంటలోనూ అతుకు కలవాలి. ఒక్క అక్షరం మారిస్తే మిగతా అన్నిటితో దాని పొత్తు మళ్లీ చూసుకోవాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. శుభలేఖల్లో వాడే వాలు చేతిరాత టైపులో గీత బాగా పక్కకు వాలుతుంది. నలుచదరపు దిమ్మ మీద అంత వాలు పట్టదు. గీత అంచు దాటి బయటికి పొడుచుకు వస్తుంది. అలా బయటికి వచ్చిన భాగం కింద ఆధారం ఉండదు కాబట్టి, ఫారం బిగించేటప్పుడో మెషిన్ మీదనో విరిగిపోతుంది. అదీ కాక, టైపు అరిగేకొద్దీ అతుకుల దగ్గర సన్నని తెల్లగీత కనిపించడం మొదలవుతుంది. నున్నటి సన్నగీతల అక్షరాల్లో ఆ తెల్లగీత కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మన తెలుగు కేసులో వత్తులు, గుడులు పట్టుకుని తంటాలు పడినవారికి ఈ బాధ ఎలాంటిదో తెలుసు.

గాలి పేరు పెట్టుకున్న అక్షరం

ఎక్స్‌కోఫోన్ తన సొంత చేతిరాతనే ఆధారంగా తీసుకున్నారు. అందంగా, ముస్తాబుగా రాసిన రాత కాదు. పనిలో ఉన్న మనిషి తొందరగా గీసిన రాత. ఆ తొందరను చెడగొట్టకుండా, పైన చెప్పిన చిక్కులన్నీ ఆయన ఒక్కొక్కటిగా విప్పారు.

మొదటిది వాలు. మిస్ట్రాల్ అక్షరాలు కొద్దిగానే వాలి, దాదాపు నిటారుగా నిలబడతాయి. అందుకని దిమ్మ మీద హాయిగా ఇమిడిపోతాయి. రెండోది అతుకు. చిన్నక్షరాలను కలిపే గీత మాట అడుగున ఒక దారి పట్టుకుని పోతుంది. ఏ అక్షరం వచ్చినా ఆ దారిలోనే అందుకుంటుంది. మూడోది గీత అంచు. కుంచెలో సిరా తగ్గినప్పుడు వచ్చే గరుకుదనాన్ని ఆయన అలాగే ఉంచారు. గీతే గరుకుగా ఉన్నప్పుడు అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను పట్టుకోలేదు. టైపు అరిగినా చేతిరాత స్వభావం కిందనే లెక్క. అందానికని చూసుకున్న గుణం పనితనానికి కూడా అక్కరకొచ్చింది.

పొడవైన అక్షరాలు బాగా పైకి ఎగురుతాయి, కింది తోకలు బాగా కిందికి దిగుతాయి. మధ్యలో ఉండే అక్షరాలు పొట్టిగా, ఒక వరసకు కట్టుబడకుండా కాస్త ఎగుడు దిగుడుగా నడుస్తాయి. యంత్రం మీద అచ్చయినా మనిషి రాసినట్టే అనిపించడానికి ఈ ఎగుడు దిగుడే కారణం. అయితే ఈ నిర్లక్ష్యం పైకి కనిపించేదే. లోపల ప్రతి అతుకూ కొలిచి పెట్టిందే.

ఈ టైపుకు ఆయన తన ఊరి గాలి పేరు పెట్టారు. ఫౌండ్రీ మార్సెయ్‌లోది, మనిషి మార్సెయ్‌వాడు, అక్షరం గాలికి ఊగినట్టు ఉంది. ఇంతకంటే తగిన పేరు దొరకదు. 1953లో మిస్ట్రాల్ మార్కెట్లోకి వచ్చింది. రెండేళ్లకు, 1955లో, హాలండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ టైపు ఫౌండ్రీ కూడా దాన్ని విడుదల చేసింది. అలా అది దేశం దాటింది.

ఫ్రాన్స్‌లో మిస్ట్రాల్ వీధుల్లోకి పాకింది. రొట్టెల దుకాణాలు, కాఫీ హోటళ్లు, మంగలి షాపులు, పూల అంగళ్లు, సరుకు బండ్లు అన్నీ ఆ అక్షరం కట్టుకున్నాయి. అక్షరాలు కలిసే ఉంటాయి కాబట్టి దుకాణం పేరు మొత్తాన్ని ఒకే ముక్కగా కోసి గోడకు బిగించుకునే వీలు కూడా ఉంది. చిన్న వ్యాపారికి ఇందులో మరొక లాభం కనిపించింది. పేరు తానే స్వహస్తంతో రాసి తలుపు మీద పెట్టుకున్నట్టు ఉంటుంది. కొనేవారికి ఇది పెద్ద కంపెనీ కాదు, మనకు తెలిసిన మనిషి దుకాణం అన్న భావం కలుగుతుంది. ఒక అక్షరానికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఒక విషయం మరువకూడదు. ఆ బోర్డును అంతకు ముందు నిజంగా చేత్తో రాసే పెయింటర్ ఒకడు ఉండేవాడు. చేతిరాత టైపుగా దొరకడం మొదలయ్యాక దుకాణదారుడు ఆ పెయింటర్‌ను పిలవాల్సిన అవసరం తగ్గింది. చేతిరాత మీద ప్రేమతో పుట్టిన అక్షరమే చేత్తో రాసేవాడి పనిలో వాటా తీసుకుంది. మన వృత్తిలో ఇలాంటివి మనం చాలా చూశాం. కొత్త పనిముట్టు ఒక చేత్తో ఇస్తుంది, ఇంకో చేత్తో తీసుకుంటుంది.

వరసగా వచ్చిన టైపులు

మిస్ట్రాల్ విజయం తర్వాత ఎక్స్‌కోఫోన్ ఆగలేదు. 1955లో షాక్ అనే టైపు తెచ్చారు. మిస్ట్రాల్ సన్నని కుంచె అయితే ఇది నిండా సిరా పీల్చిన లావు కుంచె. దెబ్బ కొట్టినట్టు ఉండే అక్షరం, పేరుకు తగ్గట్టే. తర్వాత కాలంలో తూర్పు ఆసియా వంటకాల హోటళ్లు దీన్ని చాలాచోట్ల బోర్డుగా పెట్టుకున్నాయి. 1956లో డయాన్ వచ్చింది. అది పాతకాలపు రాజదర్బారు రాత, సన్నని మెలికలతో, పెద్ద పెద్ద చుట్లతో ఉంటుంది. 1958లో కాలిప్సో. రంధ్రాలున్న రేకును చుట్టచుట్టి నీడలతో సహా గీసినట్టు, మొత్తం చుక్కలతో తయారైన పెద్దక్షరాలు అవి. ఇంత చుక్కల పనిని సీసంలో పోయించడమంటే ఫౌండ్రీ పనివాళ్ల ఓపికకు పరీక్షే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అక్షరం కాగితం మీద గీయడంతో పని పూర్తి కాదు. దాన్ని కొలతలకు తెచ్చేవారు, అచ్చు చెక్కేవారు, పోత పోసేవారు, అంచులు సాపు చేసేవారు ఉంటేనే అది టైపు అవుతుంది. ఎక్స్‌కోఫోన్ దగ్గర 1950లలో కొన్నేళ్లు సహాయకుడిగా పనిచేసిన హోసే మెండోజా తర్వాత స్వయంగా పేరున్న అక్షర శిల్పి అయ్యారు. ఆ పేరు చరిత్రకెక్కింది. మార్సెయ్ ఫౌండ్రీలో అచ్చులు చెక్కిన చేతులు చాలావరకు పేరు లేకుండానే మిగిలిపోయాయి.

పెద్ద పోటీ

1957 అక్షర ప్రపంచంలో మలుపు. ప్యారిస్‌లో డెబెర్నీ ఎ పెన్యో తరఫున అడ్రియాన్ ఫ్రూటిగర్ గీసిన యూనివెర్ వచ్చింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో హాస్ ఫౌండ్రీ తెచ్చిన టైపు తర్వాత హెల్వెటికా అన్న పేరుతో ప్రపంచమంతా పాకింది. నిటారుగా, శుభ్రంగా, ఏ హావభావం లేకుండా ఉండే అక్షరాల కాలం మొదలైంది. కుంచె విన్యాసాలు పాతబడిపోయాయని అందరూ అనుకోసాగారు.

ఒలీవ్ ఫౌండ్రీ ఈ పోటీలో తన తరఫున ఒక గుర్రాన్ని దింపాలి. ఎక్స్‌కోఫోన్ 1960లలో ఆంటిక్ ఒలీవ్ అనే కుటుంబాన్ని తయారుచేశారు. మనం చదివేటప్పుడు అక్షరం పైసగమే ఎక్కువ ఉపయోగపడుతుందన్న పరిశీలన ఆధారంగా ఆయన దాన్ని గీశారు. ఒక పంక్తి పైభాగాన్ని కాగితంతో మూసి కిందిసగం మాత్రం చదవడానికి ప్రయత్నించండి, ఆపైన కిందిభాగం మూసి పైసగం చదవండి. ఇంగ్లీషులో తేడా ఇట్టే తెలుస్తుంది. అందుకని ఆంటిక్ ఒలీవ్‌లో బరువంతా పైన పెట్టారు, చిన్నక్షరాలను బాగా ఎత్తు చేశారు. అది ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి, ఎక్కువ శ్రమించి చేసిన పని అనుకోవచ్చు.

ఫలితం మాత్రం పూర్తిగా ఆయన కోరినట్టు రాలేదు. ఫ్రాన్స్‌లో ఆంటిక్ ఒలీవ్ బాగానే నడిచింది. ఎయిర్ ఫ్రాన్స్ విమాన సంస్థ పేరు ఏళ్ల తరబడి ఆ కుటుంబపు ఒరవడిలోనే కనిపించింది. ప్రపంచం మీద మాత్రం హెల్వెటికాదే గెలుపు. స్విస్ అక్షరం ఎవరి మాటనైనా ఏ యాసా లేకుండా పలుకుతుంది. ఎక్స్‌కోఫోన్ ఎంత అణచుకున్నా ఆయన అక్షరంలో దక్షిణ ఫ్రాన్స్ యాస వినబడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో అది లోపంగా కనిపించింది. ఈ రోజున దాన్ని గుణంగా చూసేవారు చాలామంది ఉన్నారు.

ఈ మధ్యలో ఆయన పోస్టర్లు కూడా ఎన్నో గీశారు. ఎయిర్ ఫ్రాన్స్ కోసం, బాలీ చెప్పుల కంపెనీ కోసం గీసినవి ప్రసిద్ధమయ్యాయి. యూ ప్లస్ ఓ అనే స్టూడియో స్థాపించడంలో ఆయన ముఖ్యులు. నగరానికీ ప్రపంచానికీ అన్న అర్థం వచ్చే లాటిన్ మాటల తొలి అక్షరాలవి. 1968లో గ్రెనోబుల్ నగరంలో శీతాకాలపు ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు వాటి అధికారిక చిహ్నం గీసినవారు కూడా ఆయనే. మంచు స్ఫటికం చుట్టూ మూడు ఎర్ర గులాబీలు. ఆ గులాబీలు గ్రెనోబుల్ నగర చిహ్నం నుంచి తీసుకున్నవి.

సంస్థ పోయింది, అక్షరం మిగిలింది

ఆయన ఇంత చేస్తుండగానే కాళ్ల కింద నేల జారడం మొదలైంది. ఫోటో కంపోజింగ్ వచ్చింది, ఆఫ్‌సెట్ వచ్చింది. సీసపు టైపు కొనేవారు తగ్గిపోయారు. ఇంచుమించు అన్ని దేశాల్లోనూ ఫౌండ్రీలకు అదే గతి పట్టింది. మన దగ్గర కేసులు కరగబెట్టి సీసాన్ని తూకానికి అమ్మేసిన రోజులు సభ్యులకు గుర్తుండే ఉంటాయి. 1978లో ఫాండరీ ఒలీవ్ స్విట్జర్లాండ్ హాస్ ఫౌండ్రీ చేతికి వెళ్లిపోయింది. ఏ సంస్థ అక్షరాలతో పోటీ పడడానికి ఎక్స్‌కోఫోన్ ఆంటిక్ ఒలీవ్ గీశారో, ఆ సంస్థకే ఆయన జీవితకాలపు పని దక్కింది. 1983లో ఎక్స్‌కోఫోన్ కన్నుమూశారు. అప్పటికి ఇళ్లలోకి కంప్యూటర్ ఇంకా సరిగ్గా రాలేదు.

ఆయన చూడకుండా వెళ్లిపోయిన రెండో జన్మ మిస్ట్రాల్‌కు ఆ తర్వాత కలిగింది. 1990లలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చే అక్షరాల్లో మిస్ట్రాల్ కూడా చేరింది. అంతకు ముందు దాన్ని వాడాలంటే ప్రెస్సుకు వెళ్లాలి, టైపు కొని ఉండాలి. ఇప్పుడు ఆఫీసు గుమాస్తా నుంచి బడిపిల్లవాడి దాకా ఎవరైనా ఒక మీట నొక్కి వాడుకోవచ్చు. శుభాకాంక్షల కార్డులు, హోటళ్ల మెనూలు, వీడియో క్యాసెట్ల అట్టలు, నోటీసు బోర్డులు అన్నిటి మీదికీ అది ఎక్కింది. 2011లో వచ్చిన డ్రైవ్ అనే అమెరికన్ చలనచిత్రంలో పేర్లన్నీ గులాబీ రంగు మిస్ట్రాల్ అక్షరాల్లో పడ్డాయి. పుట్టిన 58 ఏళ్లకు ఆ టైపు మళ్లీ కుర్రకారు ఫ్యాషన్ అయింది. దాని అన్నలాంటి బాంకో అమెరికాలో థ్రాషర్ అనే స్కేట్‌బోర్డు పత్రిక పేరుగా, ఆ పత్రిక టీషర్టుల మీద దేశదేశాలు తిరుగుతోంది. ఆ చొక్కా వేసుకున్న పిల్లల్లో ఎంతమందికి మార్సెయ్ ఫౌండ్రీ సంగతి తెలుసు?

ఎందుకు నిలిచింది

డెబ్బై ఏళ్లు దాటినా ఈ అక్షరం ఎందుకు చావలేదో ఆలోచిస్తే మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అది ఒక నిజమైన మనిషి చేతిరాత. అనుకరణ ఏదైనా కొన్నాళ్లకు వెలవెలబోతుంది, మనిషి చేతి కదలిక అంత తొందరగా పాతబడదు. రెండోది, దాని లోపలి లెక్క. సీసపు దిమ్మల మీద 676 జంటలు కలిసేలా కట్టిన అక్షరం కనుక, ఫోటో ఫిల్ము మీదికి వెళ్లినా, కంప్యూటర్‌లోకి వెళ్లినా కూడా అతుకులు విడిపోలేదు. కష్టమైన కాలంలో గట్టిగా కట్టిన ఇల్లు సుఖమైన కాలంలోనూ నిలుస్తుంది. మూడోది అదృష్టం. కంప్యూటర్ జాబితాలో చోటు దొరకని మంచి అక్షరాలు ఎన్నో ఉన్నాయి. దీనికి దొరికింది.

వాడకంలో ఒక జాగ్రత్త ఉంది. మన సంఘ నోటీసులు కంప్యూటర్ మీద తయారుచేసే యువ మిత్రులు గమనించగలరు. ఇలాంటి అక్షరంతో మాట మొత్తాన్ని పెద్దక్షరాల్లో కొట్టకూడదు. కలవాల్సిన గీతలు కలవక చూపు చెదురుతుంది. పేజీ నిండా దీనితో కంపోజు చేయకూడదు. ఒక పేరు, ఒక శీర్షిక, ఒక పిలుపు, అంతవరకే దీని పని.

కుంచె రాత మీద మోజు మన తెలుగువారికి కొత్త కాదు. మన వారపత్రికల్లో కథల శీర్షికలు టైపులో కంపోజు చేయకుండా చిత్రకారుల చేత రాయించి, బ్లాకు చేయించి, ఫారంలో బిగించడం మనలో చాలామంది చేసిన పనే. ఆ శీర్షికల్లో బాపు గారి రాత ఇంటింటికీ తెలుసు. 1933లో పుట్టి 2014లో స్వర్గస్థులైన ఆయన చేతిరాత కూడా చివరికి కంప్యూటర్ అక్షరాలుగా మారి, ఇప్పుడు శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద, బోర్డుల మీద కనిపిస్తోంది. ఇంగ్లీషులో 26 చిన్నక్షరాలకే అంత కష్టమైతే, గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగులో ఒక మనిషి చేతిరాతను అక్షరాల వరసగా కట్టడం ఎంత పనో ఊహించుకోవచ్చు. ఒక్క తేడా మాత్రం చెప్పుకోదగ్గది. బాపు గారి అక్షరం చూడగానే మనం ఆయన పేరు పలుకుతాం. ఫ్రాన్స్ వీధుల్లో రోజూ మిస్ట్రాల్ కింద నుంచి నడిచిపోయేవారిలో దాన్ని గీసిన మనిషి పేరు చెప్పగలిగేవారు ఎందరో అనుమానమే.

ఎక్స్‌కోఫోన్ జీవితం నుంచి ఉద్యోగ విరమణ చేసిన మనలాంటివారు తీసుకోవలసినది ఒకటుంది. ఆయన ఏ సంస్థ కోసం శ్రమించారో అది లేదు. ఏ సీసంలో ఆయన అక్షరం పుట్టిందో ఆ సీసం కరిగిపోయింది. ఏ టైపుతో ప్రపంచాన్ని గెలవాలనుకున్నారో అది సగమే గెలిచింది. సొంత చేతిరాతతో కట్టిన అక్షరం మాత్రం ఎల్లలు దాటి, యంత్రాలు మారి, తరాలు గడిచి పనిచేస్తూనే ఉంది. మనం పనిచేసిన చోట్లు మూతపడి ఉండవచ్చు, మన మెషిన్లు ఇనుప సామానుగా పోయి ఉండవచ్చు. మనం శ్రద్ధగా అచ్చు వేసిన పాఠ్యపుస్తకంలో అక్షరాలు దిద్దుకున్న పిల్లలు ఇవాళ పెద్దవాళ్లై ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లకు మన పేర్లు తెలియనక్కర లేదు. పని తెలిస్తే చాలు.

ఇకమీదట గాలికి ఊగుతున్నట్టున్న ఆ కుంచె రాత ఏ బోర్డు మీదైనా కనిపిస్తే, మార్సెయ్‌లో పుట్టిన ఆ కళాకారుడి పేరు ఒకసారి తలుచుకోండి. ఆయనతో పాటు ఆ అక్షరాన్ని చెక్కి, పోసి, పేర్చిన పేరు తెలియని పనివాళ్లను కూడా తలుచుకోండి. వాళ్లంతా మన కులస్థులే, అక్షర కులస్థులు.